చిరుత కనపడలేదని అలిగి వెళ్లొద్దు

(విశాఖపట్నం స్టూడియోలో రికార్డయిన చర్చా కార్యక్రమం. పాల్గొన్నవారు: అటవీ శాఖలో రేంజర్‌గా పనిచేసి రిటైరైన ఒక అధికారి, నగరంలోని ఒక కాలేజీలో జువాలజీ చెప్పే లెక్చరర్, కంబాలకొండ ఎకో పార్కులో సందర్శకులకు దారి చూపించే ఒక గైడ్.)

యాంకర్: నమస్కారం. హైవే మీద ఎండాడ వైపు వెళ్తుంటే ఒక పక్క జూ, రెండో పక్క కంబాలకొండ. జూకి వెళ్లని వైజాగ్ వాళ్లు ఉండరు. రోడ్డుకి అవతల ఉన్నది అభయారణ్యమని మాత్రం చాలామందికి పట్టదు, "పార్కు" అనేస్తారు. మా ఇంట్లోనూ అంతే. మొన్న మా బాబు అడిగాడు, "అక్కడ చిరుతని ఎన్ని గంటలకి చూపిస్తారు?" అని. సార్, మీతోనే మొదలుపెడదాం. ఎన్ని గంటలకి?

రేంజర్: (నవ్వు) సర్వీసులో ఉన్నప్పుడు ఈ ప్రశ్న గేటు దగ్గర చాలాసార్లు విన్నానండి. గంట తిరిగొచ్చి "ఏమీ కనపడలేదు, డబ్బులు దండగ" అని అలిగి వెళ్లినవాళ్లనీ చూశాను. అది సుమారు 70 చదరపు కిలోమీటర్ల అడవి. ఒకప్పుడు విజయనగరం మహారాజా వారి ఏలుబడిలోని కొండలు. 1970 నుంచి అటవీ శాఖ చేతిలో ఉన్నాయి, 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. మనం టికెట్ కొని తిరిగే ఎకో పార్కు అందులో ఒక మూల, అంతే. ఇక చిరుత అంటారా, నా సర్వీసు మొత్తంలో కళ్లారా చూసింది మూడుసార్లు. అందులో ఒకసారి తోకే.

యాంకర్: తోకా?

రేంజర్: జీపు లైటు పడగానే పొదలోకి దూకేసింది. తోక చివర కనిపించింది. దాని పెంట మాత్రం బోలెడుసార్లు చూశాను. ఎండితే సున్నంలా తెల్లబడుతుంది. పుల్లతో విరిస్తే లోపల అడవిపంది వెంట్రుకలు, ఎముక ముక్కలు. ఒకసారి నైలాన్ బెల్టు ముక్క దొరికింది. పెంపుడు కుక్క మెడకి కడతారే, అది.

లెక్చరర్: సార్ ఆ బెల్టు సంగతి భలే చెప్పారు. "చిరుత ఊళ్లోకి వచ్చేసింది" అని గోల చేస్తాం కదా, దానికి ముందు ఏం జరిగిందో చూడం. అడవి అంచున మనం ఫంక్షన్‌లో మిగిలిన బిర్యానీ పారబోస్తాం. దానికి కుక్కలు వస్తాయి, పందులు వస్తాయి. వాటి కోసం చిరుత వస్తుంది. పిలిచింది మనమే. అందుకే "అభయారణ్యానికి మేమేం సాయం చెయ్యగలం మేడమ్" అని మా స్టూడెంట్స్ అడిగితే, ముందు మీ అపార్ట్‌మెంట్ చెత్త ఎక్కడికి పోతోందో కనుక్కోండి అంటాను. వాళ్లకి నచ్చదు. వాళ్లకి ఫొటో దిగే పని కావాలి.

యాంకర్: అక్కా, మీరు రోజూ జనంతో నడుస్తారు. మరి వచ్చినవాళ్లకి ఏం చూపిస్తారు?

గైడ్: నేల చూపిస్తానమ్మా.

యాంకర్: నేలా?

గైడ్: అవును. మొన్న ఎండల్లో ఒక కుటుంబం వచ్చింది. ఆయన ఫోన్ పట్టుకుని "ఇంకా ఏటీ కనపడదేంటి" అని ఒకటే విసుగు. వాళ్ల గుంటడికి ఏడేళ్లుంటాయి. దారి పక్కన రాతి కింద మెత్తటి ఇసుకలో చిన్న చిన్న గరాటుల్లా గుంటలుంటాయి. వేలు దూరేంత. వాడిని కూర్చోబెట్టి చూడమన్నాను. ఒక చీమ అంచు మీదకి వచ్చింది. కాలు జారింది. పైకి ఎక్కుదామని చూస్తుంటే అడుగు నుంచి ఎవరో ఇసుక విసిరినట్టు టప్ టప్ మని రాలుతోంది. చీమ మళ్లీ జారింది. అడుగున రెండు కొడవళ్లలాంటి కోరలు బయటికొచ్చి చీమని పట్టేసి లోపలికి లాగేశాయి. ఆ గుంటడు ఇంక లేవడే! ఇరవై నిమిషాలు.

యాంకర్: గుంటడు గుంటల దగ్గర కూలబడ్డాడన్నమాట.

గైడ్: (నవ్వు) అదే మరి. వాళ్ల నాన్న కూడా చివరికి ఫోన్ జేబులో పెట్టి పక్కన కూర్చున్నాడు.

లెక్చరర్: అది యాంట్‌లయన్ పిల్లపురుగు. పెద్దదైతే తూనీగలా రెక్కలొచ్చి ఎగిరిపోతుంది. అక్క చెప్పినంత బాగా నేను క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు.

యాంకర్: అక్కడ జిప్‌లైన్, బోటింగ్ కూడా ఉన్నాయి కదా. మేడమ్, మీకు అవి ఇష్టం లేదని విన్నాను.

లెక్చరర్: ఇష్టం లేదు. దాచుకోవడం ఎందుకు? తాడు మీద జారుతూ కేకలు పెట్టే చోట తోకపిగిలి పిట్ట ఎందుకు కూర్చుంటుంది? తెల్లటి రిబ్బన్లాంటి తోక ఉంటుంది మగదానికి. చూస్తే మర్చిపోలేరు. నిశ్శబ్దంగా ఉంటేనే కనిపిస్తుంది. సాహస క్రీడలు కావాలంటే ఊళ్లో ఇంకెక్కడైనా పెట్టుకోవచ్చు కదా.

గైడ్: మేడమ్, ఒక మాట. మీరు చెప్పింది నిజమే, కాదనను. కానీ ఆ తాడు దగ్గర టికెట్ చింపే అమ్మాయి మా ఊరిదే. దాని అమ్మ మునుపు ఆ కొండ మీదే పుల్లలు కొట్టి మోపు కట్టి అమ్మేది. నేనూ కొట్టాను. ఇప్పుడు కొట్టం. మాకు జీతం వస్తోంది కాబట్టి కొట్టం. పిట్ట ముచ్చట వినడానికి వచ్చేవాళ్లు వారానికి పది మంది. కేకలు పెట్టడానికి వచ్చేవాళ్లు వంద మంది. ఏటి చెయ్యమంటారు?

లెక్చరర్: (కాసేపు మౌనం) దానికి నా దగ్గర జవాబు లేదు.

రేంజర్: ఇద్దరిదీ నిజమే. మేము లోపల కోర్ వైపు, అంటే అడవి నడిమి భాగంలోకి, జనాన్ని పోనివ్వలేదు. ఒక మూల ఆ సందడి పడితే, మిగతా కొండ ఊపిరి పీల్చుకుంటుంది. నా లెక్క అది. మేడమ్ ఒప్పుకోరు, తెలుసు.

లెక్చరర్: మూల పెద్దదవకుండా చూసుకుంటే ఒప్పుకుంటాను.

యాంకర్: ఒక కాలర్ లైన్‌లో ఉన్నారు. చెప్పండి.

కాలర్: నమస్తే అండి. మాది మధురవాడలో ఒక ఐటీ ఆఫీసు. మేం ఒక రెండు వందల మంది వచ్చి కంబాలకొండలో మొక్కలు నాటాలనుకుంటున్నాం. ఎవరిని కలవాలి?

రేంజర్: మీ మనసు మంచిది బాబూ. కానీ రెండు వందల మంది ఒక్కసారి అడవిలోకి దిగితే, నాటిన మొక్క కంటే తొక్కిన మొక్క ఎక్కువవుతుంది. చట్టం ప్రకారం కూడా అభయారణ్యంలోకి ఊరికే దిగడానికి లేదు, పర్మిషన్ కావాలి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం. ముందు అటవీ శాఖ డివిజన్ ఆఫీసుకి వెళ్లి "మీకు ఏం పని ఉంది" అని అడగండి. మొక్కలు అనకండి.

కాలర్: మరి ఏం పని ఉంటుంది సార్?

రేంజర్: ఎండాకాలంలో నీళ్లు. జంతువులు తాగడానికి నేలలో పళ్లెంలా సిమెంటు తొట్లు కడతారు, సాసర్ పిట్లంటాం. వాటిని ట్యాంకరుతో నింపాలి, పాచి కడగాలి. నీళ్లు లేకపోతే జంతువు హైవే దాటి ఊళ్లోకి వస్తుంది. రెండోది నిప్పు. ఎండలు ముదరకముందే ఫైర్ లైన్లు చెయ్యాలి, అంటే మంట పాకకుండా గడ్డి, ఆకులు ఊడ్చి ఖాళీ పట్టీ ఉంచడం. ఆర్పకుండా పారేసిన ఒక్క బీడీ ముక్క చాలు, కొండ నల్లబడటానికి. ఇవి ఫొటోకి అందంగా ఉండవు. చేతులకి బొబ్బలెక్కుతాయి.

లెక్చరర్: మొక్కల గురించి ఒక్క మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి తెలుసు, తెల్లారి లేస్తే కొండలు గుండు కొట్టించుకున్నట్టున్నాయి. కంబాలకొండా అంతే, జూ కూడా దెబ్బతింది. తర్వాత ఊరంతా ఆదరాబాదరా మొక్కలు నాటాం. ఏడాకులపాయ విరివిగా పెట్టాం. ఇప్పుడు చలికాలం ముందు అది పూస్తే, ఆ పూల ఘాటు వాసనకి కిటికీలు మూసుకుంటున్నాం. అదేమో మన దేశపు చెట్టే, దాన్ని తిట్టను. వరసగా ఒకే రకం పెట్టడం మన తప్పు. ఇక కోనోకార్పస్ అయితే మన దేశపు చెట్టే కాదు, బయటిది. అడవిలోకి అలాంటివి తీసుకెళ్తే ఇంక చెప్పేదేముంది? వీలైతే లాంటానా అనే కలుపు పొదలు పీకే పని అడగండి. రంగురంగుల పూల గుత్తులు, నలిపితే ఘాటు వాసన. అది అల్లుకుంటే జింక తినే గడ్డి రాదు.

గైడ్: ఇంకొకటి చెప్పాలి. జనం ఇంట్లో పెంచిన తాబేళ్లు తెచ్చి మా చెరువులో వదిలేస్తారు. పుణ్యమట. నేను వద్దంటే నన్ను రాక్షసిని చూసినట్టు చూస్తారు.

లెక్చరర్: అవి చాలావరకు ఆక్వేరియం షాపుల్లో కొన్న విదేశీ తాబేళ్లు, చెవుల దగ్గర ఎర్రగా ఉంటాయి. రోగాలు తెస్తాయి, మన తాబేళ్ల తిండి తింటాయి. ఇక నక్షత్ర తాబేలు అయితే ఇంట్లో ఉంచుకోవడమే నేరం. లక్ష్మీదేవి వస్తుందని కొంటారు, అందుకే దొంగ వ్యాపారం ఆగదు. దొరికితే అడవిలో వదలకండి, అటవీ శాఖకి అప్పగించండి. జాతకం చిలుకకీ ఇదే మాట.

యాంకర్: డబ్బు సాయం చెయ్యాలనుకునేవాళ్లు ఉంటారు కదా. వాళ్లకి దారి ఏది?

రేంజర్: దగ్గరి దారి రోడ్డుకి ఇవతలే ఉంది. జూలో జంతువుని దత్తత తీసుకోవచ్చు. దాని మేత ఖర్చు కొంతకాలం మీరు భరిస్తారు. జనం పులిని, ఏనుగుని అడుగుతారు. నన్నడిగితే రేసుకుక్కల్ని, అంటే గుంపుగా వేటాడే అడవికుక్కల్ని, తీసుకోమంటాను. మన జూ ఆ జాతి సంతానోత్పత్తి కేంద్రం. ప్రపంచం మొత్తం అడవుల్లో పిల్లలు పెట్టే వయసు రేసుకుక్కలు రెండున్నర వేలు కూడా ఉండవని అంచనా. పులి కంటే తక్కువ! దాని పేరే సగం మందికి తెలీదు.

యాంకర్: నాకు కూడా ఈ రోజే తెలిసింది. సరే, సముద్రం వైపు...

లెక్చరర్: ఆ సంగతి త్వరగా చెప్పేస్తాను. శీతాకాలం నుంచి ఎండల దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు మన బీచ్‌లకి గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కోటి వంద పైచిలుకు పెడుతుంది. కుక్కలు తవ్వేస్తాయని అటవీ శాఖ వాళ్లు జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్, ఆర్కే బీచ్ దగ్గర హేచరీలు పెడతారు, అంటే గుడ్లు తెచ్చి పిల్లలయ్యేదాకా కాపాడే చోట్లు. పిల్లల్ని వదిలేటప్పుడు చూడటానికి రండి, మంచిదే. ఫోన్ ఫ్లాష్ మాత్రం వెయ్యకండి. వెలుగు ఉన్న వైపు సముద్రం అనుకుని వెనక్కి నడుస్తాయి పాపం.

రేంజర్: ఊరు మొత్తం కలిసి కాపాడటం అంటే శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం చూడాలండి. గూడబాతులు, అదే పెలికాన్లు, ఊళ్లో చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి. కింద రెట్టలు, వాసన. అయినా ఊళ్లోవాళ్లు కిమ్మనరు. అవి వస్తే ఊరికి మంచిదని నమ్మకం.

లెక్చరర్: అందరూ వాటిని సైబీరియా పక్షులంటారు. కాదు సార్, అవి మన దేశం పక్షులే. సైబీరియా నుంచి వచ్చిందంటే గౌరవం ఎక్కువ ఇస్తామేమో మరి!

యాంకర్: (నవ్వు) ఇక టైం అయిపోతోంది. అక్కా, నేను మా బాబుని తీసుకొస్తాను. ఎప్పుడు రమ్మంటారు?

గైడ్: గేటు తెరిచే టైంకి వచ్చెయ్యండి. బూట్లు వేసుకోండి, తెల్ల చొక్కా వద్దు, సెంటు కొట్టుకోవద్దు. చిప్స్ ప్యాకెట్ కారులోనే వదిలెయ్యండి, కోతి సంచి లాక్కుంటే నన్ననకండి. హైవే మీద కొండ పక్కకి వచ్చాక కొంచెం నెమ్మదిగా రండి. తెల్లారి డ్యూటీకి వస్తుంటే రోడ్డు మీద నలిగిపోయిన మానుపిల్లిని పక్కకి లాగిన రోజులున్నాయి నాకు.

యాంకర్: అలాగే అక్కా. వచ్చే నెల వస్తాం.

గైడ్: వచ్చే నెల ఎందుకమ్మా, వానలు పడిపోతాయి. ఆ ఇసుక గుంటలు ఒక్క వానకే పోతాయి. ఈ ఆదివారమే రండి.