ఫోన్-ఇన్: "పాప గుండెకి పంపు పెడతామంటున్నారు, ఏం చేయాలి సార్?"

యాంకర్: హలో, లైన్లో ఉన్నారా అండి? చెప్పండమ్మా, డాక్టర్ గారు వింటున్నారు.

కాలర్: నమస్తే మేడం, నమస్తే సార్. మా పాపకి పద్నాలుగు నెలలు సార్, డైలేటెడ్ కార్డియోమయోపతి అన్నారు, గుండె బాగా సాగిపోయిందంట, మూడు వారాల్నుంచి ఐసీయూలోనే ఉన్నాం, పాలు పడితే రెండు గుటకలు తాగి ఆయాసపడిపోయి వదిలేస్తుంది, తలంతా చెమట. ఇప్పుడేమో మందులు సరిపోవట్లేదు, పంపు పెట్టాలి అంటున్నారు. గుండె తీసి బయట పెడతారంట అని మా అత్తయ్య ఒకటే ఏడుపు.

డాక్టర్: అయ్యో, ముందు ఆవిడకి చెప్పమ్మా, గుండె తియ్యరు, ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. ఆపరేషన్ చేసి రెండు ట్యూబులు కలుపుతారు, ఒకటి గుండె ఎడమ గదిలోంచి రక్తం లాగుద్ది, ఇంకోటి ఒంటికంతా వెళ్ళే పెద్ద రక్తనాళంలోకి పంపుద్ది, ఆ రెండూ పొట్ట పైభాగం నుంచి బయటికొస్తాయి, పంపు బయటే ఉంటుంది. లోపల పల్చటి పొర, మెషీన్ గాలి కొట్టి లాగుతుంటే అది కదులుతుంది, అంతే. ఇంత చిన్న పిల్లలకి ఎక్కువగా వాడేది బెర్లిన్ హార్ట్ ఎక్స్‌కార్, అమెరికాలో 2011లో అనుమతొచ్చింది. అన్నిటికన్నా చిన్న పంపు 10 మిల్లీలీటర్లు, అంటే రెండు టీస్పూన్లు.

కాలర్: ఎక్మో అని కూడా అన్నారు సార్, అదీ ఇదీ ఒకటేనా?

డాక్టర్: కాదమ్మా. ఎక్మో ఊపిరితిత్తుల పని కూడా చేస్తుంది, ప్రాణం మీదికొచ్చినప్పుడు గబగబా పెట్టేస్తారు, కానీ కొన్ని రోజులకే, మహా అయితే కొన్ని వారాలకే. ఈ పంపు మీదైతే నెలల తరబడి ఉండొచ్చు. నాకు ముఖ్యమనిపించేది ఏంటంటే, చాలామంది పిల్లలకి వెంటిలేటర్ తీసేస్తారు, తింటారు, కూర్చుంటారు, ఒళ్ళు చేస్తారు, అలా బలం పుంజుకున్న బిడ్డ, దాత గుండె దొరికాక చేసే గుండె మార్పిడిని బాగా తట్టుకుంటుంది. కొందరికైతే, మయోకార్డైటిస్, అంటే గుండె కండరానికి వాపు, లాంటి వాటిల్లో, సొంత గుండే కోలుకుంటే పంపు తీసేస్తారు కూడా.

కాలర్: మరి ప్రమాదం ఏం లేదా సార్?

డాక్టర్: ఉందమ్మా, నీ దగ్గర దాచను. రక్తం గడ్డకట్టడం. అమెరికాలో 48 మంది పిల్లల మీద చేసిన స్టడీలో 29 శాతం మందికి స్ట్రోక్ వచ్చింది. ఆ తర్వాత రక్తం గడ్డకట్టకుండా ఆపే బైవాలిరుడిన్ లాంటి మందులొచ్చాక కొంత మెరుగైంది కానీ భయం పూర్తిగా పోలేదు, రక్తం మరీ పల్చనైతే బ్లీడింగ్ అవుద్ది, అదో తలనొప్పి. అందుకే ఆ పంపుని గాజులా, లోపలంతా కనిపించేలా చేశారు. నర్సు రోజుకి చాలాసార్లు టార్చ్ వేసి చూస్తుంది, పంపు వాల్వుల దగ్గర తెల్లటి దారప్పోగులాగ ఏదన్నా పట్టిందా అని. నువ్వూ పక్కన నిలబడి చూడు, ఏమీ లేనప్పుడు ఎలా ఉంటుందో చూపించమను, అప్పుడు తేడా వస్తే నీ కంటికే పడుద్ది. గడ్డ పెద్దదైతే ఛాతీ మళ్ళీ తెరవకుండానే పంపు మారుస్తారు. ట్యూబులు బయటికొచ్చే చోట ఎర్రగా ఉన్నా, చీము కారినా ఆ క్షణమే చెప్పు. ఇంకోటి, వాళ్ళ దగ్గర ఈ పంపుతో ఎంతమంది పిల్లల్ని చూశారో మొహమాటం లేకుండా అడుగు, గుండె కుడివైపుకి కూడా పంపు కావాల్సొస్తుందా అదీ అడుగు.

కాలర్: అడుగుతాను సార్. సార్... ఆ ట్యూబులతో దాన్ని ఎత్తుకోవచ్చా? మూడు వారాలైంది నా ఒళ్ళో పడుకుని.

డాక్టర్: ఎత్తుకోవచ్చమ్మా. ఆపరేషనయ్యాక వాళ్ళు సరేనన్న రోజు నుంచి. నర్సు పంపునీ ట్యూబుల్నీ పట్టుకుంటుంది, నువ్వు పాపని పట్టుకో, ట్యూబు మడత పడకుండా చూసుకుంటే చాలు.