మినియాపోలిస్ గోడ, విశాఖ డ్రాయింగు

అందరికీ నమస్కారం. ఈ హాల్లో సగం మంది సిరిపురంలోనో మధురవాడలోనో కూర్చుని అమెరికా ఇళ్లకి డ్రాయింగులు గీసేవాళ్లే కాబట్టి నేరుగా గోడలోకి వెళ్లిపోదాం. మినియాపోలిస్‌లో ఒక పాత ఇంటికి వెనకవైపు గది కలపాలి. గోడ ఏం గీస్తారు?

2×6 స్టడ్‌లు (నిలువు కట్టెలు, పేరుకి ఆరంగుళాలు, కొలిస్తే అయిదున్నర), 16 అంగుళాలకొకటి, మధ్యలో ఆర్ 21 ఫైబర్‌గ్లాస్ (ఆర్ అంటే వేడి దాటకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె), అయిపోయింది అంటారు. అవ్వలేదండీ. కట్టెకి అంగుళానికి ఆర్ సుమారు 1.25, అంటే అయిదున్నర అంగుళాల స్టడ్ దగ్గర 7 కూడా రాదు, పైగా పైనా కిందా అడ్డంగా వేసే ప్లేట్లూ కిటికీల చుట్టూ ఉన్నవీ కలిపితే గోడలో దాదాపు నాలుగో వంతు కట్టే.

అసలు టెన్షన్ చలితో కాదు, తడితో. మే నెలలో మన ఏసీ గది కిటికీ అద్దానికి బయటివైపు నీళ్లు పడతాయి కదా, అక్కడ జనవరిలో అదే తిరగబడుతుంది. లోపలి వెచ్చటి గాలి సందుల్లోంచి గోడలోకి దూరి, స్టడ్‌లకి బయట కొట్టే ఓఎస్‌బీ (చెక్క పేళ్లు అతికించి చేసిన) పలకకి తగిలి నీరవుతుంది. గదిలో 21 డిగ్రీలు, 40 శాతం తేమ ఉంటే 7 డిగ్రీల దగ్గరే నీరు పట్టడం మొదలు. బయట మైనస్ 15 ఉన్న రోజు ఆ పలకా ఇంచుమించు అంతే చల్లగా ఉంటుంది.

అందుకే ఆ పలక వెచ్చగా ఉండేలా ఇన్సులేషన్‌లో కొంత దానికి బయట వెయ్యాలి. మినియాపోలిస్ జోన్ 6, అంటే అమెరికా వాతావరణ జోన్లలో చలి ఎక్కువున్నది. అక్కడ లోపల తేమని ఆపే ప్లాస్టిక్ షీటు లేకుండా మామూలు పెయింటుతో సరిపెట్టాలంటే 2×6 గోడకి బయట కనీసం ఆర్ 11.25 కావాలని ఐఆర్‌సీ (అమెరికాలో ఇళ్ల నిర్మాణానికి వాడే కోడ్) అంటుంది. ఎక్స్‌పీఎస్ ఫోమ్ అంగుళానికి ఆర్ 5, కాబట్టి రెండంగుళాలు చాలవు. పాలీఐసో అనే ఇంకో ఫోమ్ లేబుల్ మీద 6 అని ఉన్నా గట్టి చలిలో తగ్గిపోతుంది. నేనైతే రాక్‌వూల్ (రాతి నార) బోర్డే వేస్తాను, మూడంగుళాలు, తడిసినా ఆరుతుంది. బయట ఫోమ్ వేసి లోపల పాలిథీన్ కూడా కప్పేవాళ్లున్నారు, రెండువైపులా మూసేస్తే తడి ఎటు పోతుంది?

ఇక ఎవరూ గీయని చోటు, పాత గోడా కొత్త గోడా కలిసే మూల. పాతది 2×4, కొత్తది అంతకంటే చాలా మందం, సైడింగ్ (గోడకి బయట కనిపించే పలకలు) ఒక వరసలో రాదు. ఆ తేడాని దాచకండి, కార్నర్ బోర్డు పెట్టెయ్యండి. గాలిని ఆపే పొర మాత్రం తెగకూడదు: పాత సైడింగ్ కొంత విప్పించి, కొత్త హౌస్‌రాప్‌ని (పలకల మీద చుట్టే షీటు) పాత పలక మీదికి తెచ్చి టేపు వేయించాలి. దీనికి పెద్ద స్కేలులో విడిగా డిటైల్ ఇవ్వండి. లేకపోతే కార్పెంటర్ తనకి తోచినట్టు కట్టేస్తాడు, సైట్‌లో మధ్యాహ్నం 12కి డౌటొస్తే చలికాలంలో మనకి రాత్రి 11:30, ఎవరు ఫోన్ ఎత్తుతారు?