మసి కాగితం, గాజు పలక

సభకు నమస్కారం.

ఎలక్ట్రానిక్ వాద్యాల గురించి మాట్లాడమని పిలిచారు గానీ, నేను శబ్దమే చేయని ఒక యంత్రంతో మొదలుపెడతాను. 1857లో స్కాట్ ద మార్టిన్‌విల్ అనే ఫ్రెంచివాడు పేటెంటు పొందిన ఫోనాటోగ్రాఫ్‌లో, గొంతు తాకిడికి పొర కంపిస్తే దానికి అంటించిన సన్నని వెంట్రుక మసి పట్టించిన కాగితం మీద వంకర గీత గీసేది. ఆ గీతను మళ్లీ వినాలన్న ఆలోచన ఆయనకు లేదు, కంటితో చదివితే చాలనుకున్నాడు. 1860లో ఆయన గీసిన గీతల్లో ఒకటి 2008లో కంప్యూటరు సాయంతో పాటగా వినిపించింది. వినిపించే పరికరాన్నీ చూపించే పరికరాన్నీ రెండు వేర్వేరు పనులుగా భావించడం పొరపాటని నేననడానికి ఆ మసి కాగితమే మొదటి సాక్ష్యం.

ఇక థెరెమిన్ సంగతి. రష్యాలో లెవ్ థెరెమిన్ 1920 ప్రాంతంలో తయారుచేసిన ఈ వాద్యంలో చెవికి అందనంత వేగంగా కంపించే విద్యుత్ సర్క్యూట్లు, అంటే ఆసిలేటర్లు, రెండుంటాయి. ఒకటి సెకనుకు 2,60,000 సార్లు, రెండోది 2,60,440 సార్లు కంపిస్తున్నాయనుకుందాం. వాటిని కలిపితే మనకు వినిపించేది ఆ తేడా, అంటే 440 హెర్ట్జ్‌ల స్వరం. యాంటెన్నా దగ్గరికి చేయి తెస్తే ఆ చేయే విద్యుదావేశాన్ని నిలవ చేసే కెపాసిటర్‌లో ఒక పలకలా పనిచేసి ఒక ఆసిలేటర్ వేగాన్ని కొద్దిగా మారుస్తుంది కనుక శ్రుతి మారుతుంది. ఏ స్వరం ఎక్కడుందో చెప్పే మెట్టు లేదు, తీగ లేదు. నేను మొదటిసారి ఇలాంటి సర్క్యూట్ కట్టి, శ్రుతి సరిచేద్దామని స్క్రూడ్రైవర్‌తో ముందుకు వంగితే, నా తల దగ్గరైనందుకే శ్రుతి జారిపోయింది. సరిచేసి వెనక్కి జరిగితే మళ్లీ తప్పింది. ఆ సాయంత్రమంతా అలాగే గడిచింది.

మోగే ధ్వనిని విశ్లేషించి, చేయి ఏ స్వరం దగ్గరుందో తెర మీద చూపిస్తే సరిపోతుందనుకున్నాను. ఇక్కడే అసలు చిక్కు. ధ్వనిని సెకనుకు 44,100 నమూనాలుగా తీసుకుని, 4,096 నమూనాలను ఒక్కసారిగా విశ్లేషిస్తే పౌనఃపున్యాలు దాదాపు 10.8 హెర్ట్జ్‌ల మెట్లలో విడిపడతాయి, కానీ అన్ని నమూనాలు పోగవడానికి 93 మిల్లీసెకన్లు పడుతుంది. తొందరపడి 1,024 నమూనాలతో సరిపెట్టుకుంటే ఆలస్యం 23 మిల్లీసెకన్లకు తగ్గుతుంది గానీ మెట్టు 43 హెర్ట్జ్‌లకు పెరిగి, మంద్రంలో పక్కపక్క స్వరాలు ఒకే మచ్చలో కలిసిపోతాయి. ఇది ప్రోగ్రాము లోపం కాదు, గణితం పెట్టిన హద్దు. వేగవంతమైన ప్రాసెసర్ లెక్కను త్వరగా ముగిస్తుందే తప్ప, ఇంకా పుట్టని నమూనాలను తెచ్చిపెట్టలేదు. అందుకే వాయించేవాడికి తెర ఎప్పుడూ గడిచిపోయిన స్వరాన్నే చూపిస్తుంది.

కీబోర్డు సింథసైజర్ల చరిత్ర మీకు తెలిసిందే. 1964లో అమెరికా ఇంజనీరు రాబర్ట్ మూగ్ వోల్టేజితో శ్రుతిని నడిపించాడు, 1983లో మిడి అనే ప్రమాణం వచ్చి వాద్యాలకు ఉమ్మడి భాష ఇచ్చింది. ఆ దారిలో ధ్వనిని కంటికి చూపించే బొమ్మ వెనకబడిందని నా అభిప్రాయం.

బొమ్మకే పెత్తనమిచ్చినవాడు ఎవ్గెనీ ముర్జిన్. సోవియట్ రష్యాలో ఆయన రూపొందించిన ఏఎన్ఎస్ అనే సింథసైజర్‌లో 144 చొప్పున స్వరాల జాడలున్న ఐదు గాజు చక్రాలు తిరుగుతూ కాంతిని 720 శుద్ధ స్వరాలుగా కంపింపజేస్తాయి. ఒక్కొక్క స్థాయికి 72 స్వరాలు. సంగీతకర్త ఎన్నటికీ ఆరని నల్లని పూత పూసిన గాజు పలక మీద గీకుతాడు. పలక జరుగుతుంటే గీకిన చోట కాంతి దూరి, కాంతిని విద్యుత్తుగా మార్చే ఫొటోసెల్‌ను చేరుతుంది, ఆ ఎత్తులోని స్వరం మోగుతుంది. సన్నని గీత ఒక స్వరం, వెడల్పాటి చార స్వరాల గుంపు. నచ్చకపోతే వేలితో పూత సర్ది మళ్లీ గీయవచ్చు.

నా తెర ధ్వని వెనక పరుగెత్తింది, ముర్జిన్ పలక ధ్వనికన్నా ముందే ఉంది. పైగా శ్రుతి చక్రాలది, కాలం పలకది. పలకను నెమ్మదిగా జరిపితే లయ సాగుతుందే గాని శ్రుతి దిగదు. పూర్తిగా ఆపేస్తే ఆ క్షణం మీదున్న నాదం అలాగే నిలబడి, మళ్లీ జరిపేదాకా మోగుతూనే ఉంటుంది.