సర్పి కొసలు కలిస్తే మనిషి పోతాడా?

మొన్న బొబ్బిలిలో మా మేనత్తకి నడుం మీద సర్పి, అంటే ఒకవైపు పట్టీలా నీటి పొక్కులు లేచే జబ్బు, వచ్చిందంటే చూడ్డానికి వెళ్లాను. మందు ఏం వాడుతున్నావని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు, వచ్చినవాళ్లంతా కొసలు ఎంతవరకూ వచ్చాయా అని జానలతో కొలుస్తున్నారు. రెండు కొసలూ కలిస్తే ప్రాణం పోతుందట! చిన్నప్పట్నుంచీ ఇదే మాట వినీ వినీ విసుగొచ్చి ఈ వీడియో పెడుతున్నా.

అవి కలవవండి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసి, తగ్గాక తలంటి, అమ్మవారు వెళ్లిపోయిందనుకుంటాం కదా, ఆ వైరస్ ఎక్కడికీ పోదు. వెన్నెముక పక్కన నరాల మొదట్లో పడుకుంటుంది, విజయనగరం జంక్షన్‌లో పక్క లైన్లో పెట్టేసిన బండిలాగ. వయసు మీద పడ్డాకో, ఒంట్లో శక్తి తగ్గాకో ఆ బండి కదులుతుంది, కానీ తన లైన్ మీదే పోవాలి. రాయగడ లైన్ ఎక్కిన బండి బొబ్బిలి, పార్వతీపురం వెళ్తుంది గానీ ఆమదాలవలసలో తేలదు కదా! కుడి నరం కుడివైపే, ఎడమ నరం ఎడమవైపే, పొట్ట మధ్యకి వచ్చేసరికి లైన్ అయిపోతుంది. ఎర్రమన్ను పూసిన పెద్దాయన "నేనే ఆపాను" అంటాడు. అక్కడ పట్టాలే లేవు తాతా!

క్యాన్సర్ మందులు వాడేవాళ్ల లాంటి కొందరికి మాత్రం ఒంటి నిండా రావచ్చు. అది నిజంగా ప్రమాదమే, ఆసుపత్రిలో చేరాలి. అక్కడ కూడా భయం కొసల గురించి కాదు.

బండి కంటే ముందు కూత వినిపిస్తుంది. పొక్కులు రాకముందే రెండు మూడు రోజులు అక్కడ మంట, సూదులు గుచ్చినట్టు పోట్లు. మా అత్త గ్యాస్ అనుకుని మాత్రలు మింగింది. తర్వాత ఎర్రబడిన చోట నీటి పొక్కులు గుత్తులుగా, ఒకవైపే. పొక్కులు కనిపించిన 72 గంటల్లోపు డాక్టర్ దగ్గరికి వెళ్తే బండి ఇంకా జంక్షన్ దాటకుండానే పట్టుకున్నట్టు. మామూలుగా ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు రోజుకి 5 సార్లు, 7 రోజులు ఇస్తారు, కిడ్నీలు బాగోకపోతే తగ్గిస్తారు, కాబట్టి షాపులో అడిగి కొనేసుకోకండి.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. కంటి చుట్టూ గానీ ముక్కు కొన మీద గానీ పొక్కు వస్తే అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించాలి. ఆటలమ్మ ఎప్పుడూ రానివాళ్లకి ఆ పొక్కుల నీరు తగిలితే ఆటలమ్మ రావచ్చు, గర్భిణుల్నీ పసిపిల్లల్నీ దూరంగా ఉంచండి. 50 దాటినవాళ్లకి రెండు డోసుల టీకా ఉంది, ఖరీదు ఎక్కువే. పొక్కులు మానినా కొందరికి నెలల తరబడి నొప్పి ఉంటుంది, బండి పోయినా పట్టాలు దెబ్బతిన్నట్టు, దానికి మందులు వేరు.

మా అత్తకి రెండో రోజే మందు మొదలుపెట్టించాం. చూడ్డానికొచ్చేవాళ్లు ఇంకా కొలుస్తూనే ఉన్నారు.