అరుదైన నాళం, మామూలు తలనొప్పి

అధ్యక్షులవారికి, పెన్షనర్ల సంఘం మిత్రులకు నమస్కారం. సెక్రటరీ గారు బీపీ, షుగర్ గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. షుగర్ సంగతి నాకన్నా మీకే ఎక్కువ తెలుసు. సర్వీసంతా స్కానింగ్ గదిలో గడిపినవాణ్ణి, అక్కడి ముచ్చటే చెబుతాను.

కడుపులో పిండం నెల దాటే రోజుల్లో మెదడు వెనక భాగానికి కూడా మెడ ముందువైపు నుంచి వచ్చే కెరోటిడ్ నాళమే రక్తం పంపుతుంది. అందుకు కొన్ని అడ్డ నాళాలుంటాయి. వెనక నాళాలు తయారుకాగానే అవి మూసుకుపోవాలి. బైపాస్ పడ్డాక కూడా పాత రోడ్డు మీద బస్సులు తిరుగుతున్నట్టు, కొందరిలో ఒకటి మిగిలిపోతుంది. ఎక్కువగా మిగిలేది ట్రైజెమినల్ ఆర్టరీ, వెయ్యిమందిలో ఒకరి నుంచి ఆరుగురి దాకా. 1844లోనే రిచర్డ్ క్వైన్ శవపరీక్షలో చూసి రాశాడు. ఉన్నట్టు కూడా తెలియకుండా బతికేసేవాళ్లే ఎక్కువ.

ఒకావిడ, యాభై దాటి ఉంటాయి. గేదెకు కుడితి పెడుతూ ‘తల పగిలిపోతోందిరా’ అని కూలబడింది. వాంతులు, మెడ పట్టేసింది. ఊళ్లో ఇంజెక్షన్ పొడిచారు. పట్నంలో ఒక ఆసుపత్రి, పేరెందుకులెండి, గ్యాస్ అని, మైగ్రేన్ అని బిళ్లలిచ్చి పంపేసింది. తలకు సీటీ స్కాన్ తియ్యలేదండీ! మర్నాడు మళ్లీ పడిపోతే మా దగ్గరికి తెచ్చారు. సీటీలో మెదడు చుట్టూ ఉండే నీరు నల్లగా కనబడాలి. ఆవిడకు తెల్లగా ఉంది. అంటే నెత్తురు. యాంజియో, అంటే రక్తనాళాల్లోకి మందు ఎక్కించి తీసే ఫొటో, చేస్తే నాళం గోడ ఉబ్బి బుడగ, దాంతోపాటు ఈ పాత ఆర్టరీ.

ఇక మా గది జాతరే. ‘రేర్ కేసు సార్, మెడికల్ జర్నల్‌కి పేపర్ రాద్దాం’ అంటూ సెల్‌ఫోన్లలో ఫొటోలు. బయట ఆవిడ కొడుకు ‘అమ్మకు మజ్జిగ పట్టొచ్చాండీ’ అని అడుగుతుంటే జవాబు చెప్పే దిక్కు లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

అసలు ఆ నాళం నేరమెంత? పాత లెక్కల్లో, అది ఉన్నవాళ్లలో నూటికి 14 మందికి బుడగలున్నాయన్నారు. రక్తస్రావమై వచ్చినవాళ్లకే యాంజియో చేస్తే అలాగే తేలుతుంది మరి! 1999లో వచ్చిన లెక్కలో అది దాదాపు 3. మామూలు పెద్దవాళ్లలోనూ దాదాపు అంతే. రిపోర్టులో మాత్రం రాసి తీరాలి. తెలియక ఆ నాళం మూస్తే బ్రెయిన్‌స్టెమ్‌కే, అంటే ఊపిరిని నడిపే మెదడు కాండానికే, రక్తం ఆగిపోవచ్చు. కానీ ఆవిడను దెబ్బతీసింది రెండోసారి రక్తస్రావం. పగిలిన బుడగ మళ్లీ పగిలే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే ఎక్కువ. నొప్పి మొదలైన ఆరు గంటల్లోపు సీటీ తీస్తే ఆ నెత్తురు కనబడకుండా తప్పిపోవడం చాలా అరుదు. ఈ అరుదు గురించి ఎవరూ పేపర్ రాయరు!

సెక్రటరీ గారు వాచీ చూసుకుంటున్నారు, అయిపోయిందండీ. ఆవిడకు తొడ దగ్గర నుంచి ట్యూబు పంపి బుడగలో ప్లాటినం కాయిల్, అంటే సన్నటి తీగ చుట్ట, నింపారు. బతికింది. ఎడమ చెయ్యి పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు.

మీకు చెప్పేది ఇదీ: పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ రానంత తలనొప్పి క్షణాల్లో వస్తే, అమృతాంజనం రాసుకుని పడుకోవద్దు. సీటీ ఉన్నచోటికి వెళ్లి, నొప్పి ఎన్నింటికి మొదలైందో చెప్పండి. తల్లిదండ్రులు, తోబుట్టువుల్లో ఇద్దరికి ఇలా రక్తస్రావమై ఉంటే, మీకు స్కాన్ అవసరమేమో డాక్టర్ని అడగండి. ముందు వరుసలో జేబులో సిగరెట్ పెట్టె కనబడుతున్న పెద్దాయనా, మీతో విడిగా మాట్లాడాలి. ప్రశ్నలుంటే అడగండి, ఆ మైకు కాస్త అటివ్వండి.