ఎర్ర సముద్రంలో మంట, భీమవరం చెరువు దాకా సెగ

(చర్చలో పాల్గొన్నవారు: నౌకాదళంలో పనిచేసి రిటైరైన కమాండర్, ఎకనామిక్స్ ప్రొఫెసర్, భీమవరం ప్రాంత రొయ్యల రైతు)

యాంకర్: నమస్కారం. 2023 నవంబరు 19న ఇరాన్ అండ ఉన్న యెమెన్ సాయుధ దళం హూతీలు ఎర్ర సముద్రంలో హెలికాప్టర్‌లో దిగి ‘గెలాక్సీ లీడర్’ అనే ఓడను పట్టుకుపోయారు. గాజాలో యుద్ధం ఆగేదాకా ఇజ్రాయెల్‌తో సంబంధమున్న ఓడల్ని వదిలేది లేదన్నారు. తర్వాత ఏ సంబంధమూ లేని ఓడల మీదా దాడులు జరిగాయి. కమాండర్ గారూ, ఒక సాయుధ దళం అంత పెద్ద సముద్ర మార్గాన్ని ఎలా దెబ్బతీయగలిగింది?

కమాండర్: మ్యాప్‌లో ఎర్ర సముద్రం దక్షిణపు గుమ్మం, బాబ్ ఎల్ మండెబ్ జలసంధి చూడండి. ఇరుకైన చోట 30 కిలోమీటర్ల వెడల్పు కూడా ఉండదు. అరబ్బీలో ఆ పేరుకు కన్నీటి ద్వారం అని అర్థం. మనవైపు నుంచి సూయెజ్ కాలువకు వెళ్లే ప్రతి ఓడా ఆ గుమ్మం దాటాల్సిందే. చవకగా తయారయ్యే డ్రోన్‌ను కూల్చడానికి యుద్ధనౌక లక్షల డాలర్ల క్షిపణి వాడాలి. ఎన్నాళ్లని వాడతారు?

ప్రొఫెసర్: ఒక మాట కలుపుతానండీ. డ్రోన్ కంటే ముందు ఓడల్ని భయపెట్టింది ఇన్సూరెన్స్. యుద్ధ ప్రమాద బీమా మామూలు రోజుల్లో ఓడ విలువలో 0.1 శాతం కూడా ఉండదు. అది ఒక దశలో 1 శాతం దగ్గరికి వెళ్లింది. అంత కట్టే బదులు పెద్ద కంటైనర్ కంపెనీలు ఆఫ్రికా చుట్టూ గుడ్‌హోప్ అగ్రం మీదుగా పోయాయి. సుమారు 10 నుంచి 14 రోజులు ఎక్కువ. ఈజిప్టును చూడండి. యుద్ధంలో లేదు. కానీ సూయెజ్ కాలువ ఆదాయం 2023లో 1,000 కోట్ల డాలర్లు దాటితే, 2024లో 400 కోట్లకు పడిపోయింది. అసలే అప్పుల్లో ఉన్న దేశం!

యాంకర్: రైతు గారూ, ఈ సంగతి మీకెప్పుడు తెలిసింది?

రైతు: రేటు చెప్పినప్పుడే తెలిసిందండీ. కంటైనర్ కిరాయి పెరిగింది, అందుకే కౌంట్ రేటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి కట్టే రేటు, తగ్గిస్తున్నామన్నారు కొనేవాళ్లు. మన రొయ్య అమెరికా తూర్పు తీరానికీ, యూరప్‌కూ ఆ దారిలోనే పోతుంది. మైనస్ 18 డిగ్రీల్లో పెట్టిన సరుకు. రెండు వారాలు ఎక్కువ తిరిగితే అన్నాళ్లూ కరెంటు ఖర్చే. ఎగుమతిదారుకు డబ్బు ఆలస్యం, బ్యాంకు వడ్డీ. ఆ భారమంతా దిగి దిగి చెరువు గట్టు మీదికే వస్తుంది. మేత రేటు తగ్గదు, చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల బిల్లు తగ్గదు. సరుకు చెరువులో ఉంచుదామంటే వైరస్ టెన్షన్. కిరాయి తగ్గిందని విన్నాక కూడా మా రేటు వెంటనే పెరగలేదు సార్. ఇది మాత్రం గట్టిగా చెప్పాలి.

ప్రొఫెసర్: ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నష్టం కిందికి దిగినంత వేగంగా లాభం దిగదు. పెట్రోలు రేటు పెరగలేదు కదా, మనకేం కాలేదని నగరాల్లో అనుకున్నాం. రష్యా ముడి చమురు చాలావరకు ఆ దారిలోనే వస్తూ ఉండటం వల్ల మనం తెలుసుకోలేకపోయాం.

యాంకర్: దేశాలన్నీ కలిసి ఆపలేకపోయాయా?

ప్రొఫెసర్: కలిస్తే కదండీ. దాడులు ఆపాలని 2024 జనవరిలో భద్రతా మండలి తీర్మానం చేసింది. రష్యా, చైనా ఓటుకు దూరంగా ఉన్నాయి. అమెరికా, బ్రిటన్ హూతీల మీద బాంబులు వేశాయి. యూరప్ వేరే నౌకా దళాన్ని పంపింది. చివరికి 2025 మేలో ఒమన్ మధ్యవర్తిత్వంతో అమెరికా, హూతీలు పరస్పర దాడులు ఆపారు. మిగతా ఓడల సంగతి తేలలేదు. జులైలోనే హూతీలు రెండు ఓడల్ని ముంచేశారు.

కమాండర్: భారత్ అమెరికా నడిపిన నౌకా కూటమిలో చేరకుండా సొంతంగా యుద్ధనౌకల్ని నిలిపింది. అది సరైన నిర్ణయమే. ఇరాన్‌తోనూ, గల్ఫ్ దేశాలతోనూ, ఇజ్రాయెల్‌తోనూ మనకు పనుంది. 2024 జనవరి 26న ‘మార్లిన్ లువాండా’ ట్యాంకర్‌పై క్షిపణి పడితే, మంటలార్పడానికి వెళ్లింది మన ఐఎన్ఎస్ విశాఖపట్నం. ఆ ట్యాంకర్ మీద 22 మంది భారతీయులున్నారు. ఇట్టే అంటుకునే నాఫ్తా అనే పెట్రో ద్రవం నింపిన ఓడ అది. ఆ మంట దగ్గరికి వెళ్లడమంటే ఏమిటో సముద్రం మీద పనిచేసినవాళ్లకు తెలుసు.

రైతు: ఓడల్లో పనికి మా వైపు పిల్లలూ పోతున్నారండీ. అక్కడికి వెళ్లనని అనొచ్చా?

కమాండర్: మంచి ప్రశ్న అడిగారు. అంతర్జాతీయ కార్మిక సంఘాలతో ఒప్పందం ఉన్న ఓడలో అయితే, ప్రమాదకరమని ప్రకటించిన ప్రాంతానికి రానని చెప్పే హక్కుంది. ఇంటికి పంపే ఖర్చు కంపెనీదే. లైసెన్సు లేని ఏజెంట్ ద్వారా వెళితే ఆ కాగితమే చేతిలో ఉండదు. గెలాక్సీ లీడర్ సిబ్బంది 25 మంది 14 నెలలు బందీలుగా ఉన్నారు. అందుకని ఎక్కకముందే అడగమనండి: ఓడ ఏ దారిన వెళ్తుంది, ఒప్పందం ఎవరితో, కాపీ ఇంట్లో ఇచ్చారా అని.