ఫోన్ మీద పేరు ఒకరిది, ఫ్యాక్టరీ ఇంకొకరిది. మరి బాధ్యత?

[తెర మీద: గుడ్డతో టచ్‌స్క్రీన్ తుడుస్తున్న చేతులు, క్లోజప్]

టచ్‌స్క్రీన్ ఫ్యాక్టరీ దాటే ముందు దాని మీద వేలిముద్ర కూడా ఉండకూడదు. చైనాలోని సుజౌలో యాపిల్‌కి టచ్‌స్క్రీన్లు చేసిచ్చిన వింటెక్ అనే కంపెనీ ఈ పనికి ఆల్కహాల్ బదులు ఎన్-హెక్సేన్ అనే రసాయనం వాడటం మొదలుపెట్టింది. ఎందుకంటే అది ఇంకా త్వరగా ఆరిపోతుంది. గాలి సరిగా ఆడని చోట రోజూ ఆ ఆవిరి పీల్చినవాళ్లకి చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కాయి, కొందరికి నడవడమే కష్టమైంది. ఎన్-హెక్సేన్ దెబ్బతీసేది నరాలని. 137 మంది జబ్బుపడ్డారని 2011లో యాపిల్ తన నివేదికలోనే రాసుకుంది.

[తెర మీద: యాపిల్, వింటెక్ పేర్లు, మధ్యలో బాణం గుర్తు]

జీతమిచ్చింది వింటెక్ కదా, మధ్యలో యాపిల్ ఎందుకు? ఇలాంటప్పుడు పెద్ద బ్రాండ్లు చెప్పే మాట ఒకటుంది: "వాళ్లు మా ఉద్యోగులు కారు." కాగితం మీద నిజమే. కానీ డిజైన్, ధర, గడువు తేల్చేది కొనే కంపెనీయే. ఏ స్క్రూ ఎక్కడ బిగించాలో చెప్పగలిగినవాళ్లు, స్క్రీన్ దేనితో తుడుస్తున్నారో మాకేం తెలుసు అంటే నాకైతే నమ్మబుద్ధి కాదు. 2014లో చివరి అసెంబ్లీ పనుల్లో ఎన్-హెక్సేన్ వాడొద్దని యాపిలే నిషేధం పెట్టింది. అంటే ఆపగలిగే శక్తి ఉందన్నమాట.

ఇప్పుడు పని గంటలు.

[తెర మీద: 40 + 36]

చైనాలో మామూలు పని వారానికి 40 గంటలు. కార్మిక చట్టం ప్రకారం ఓవర్‌టైమ్ నెలకి 36 గంటలు మించకూడదు. రెండూ కలిపితే వారానికి సగటున 49 గంటలు కూడా దాటదు. ఎలక్ట్రానిక్స్ కంపెనీలు 2004లో తమకోసం తామే ఒక ప్రవర్తనా నియమావళి రాసుకున్నాయి. అందులో గరిష్ఠం ఎంతో తెలుసా? వారానికి 60 గంటలు!

ఆ 60 కూడా నిలవలేదు. యాపిల్ ఫోన్లు తయారుచేసిచ్చే ఫాక్స్‌కాన్‌లో 2010 నాటి వరుస ఆత్మహత్యలతో ప్రపంచమంతా అటు చూసింది. 2012లో కార్మికుల పరిస్థితులు పరిశీలించే ఫెయిర్ లేబర్ అసోసియేషన్ అనే సంస్థ వెళ్లి అక్కడి మూడు ఫ్యాక్టరీలు తనిఖీ చేసి, కార్మికులని సర్వే చేస్తే, పని ముమ్మరంగా ఉన్న నెలల్లో 60 దాటుతున్నట్టు తేలింది. అదే సర్వేలో మూడో వంతు కార్మికులు ఇంకా ఎక్కువ గంటలు కావాలన్నారు. వింతగా ఉంది కదూ? జీతం కనీస అవసరాలకి చాలడం లేదన్నవాళ్లు 60 శాతం పైనే. అసలు జీతంతో గడవనప్పుడు ఓవర్‌టైమ్ "ఇష్టపూర్వకం" అనడంలో అర్థమేముంది?

[తెర మీద: ఆర్డర్ల గ్రాఫ్, కొత్త ఫోన్ విడుదలకి ముందు నిటారుగా పైకి]

ఫ్యాక్టరీల్లో చేసే తనిఖీలకి, అంటే ఆడిట్లకి, చిక్కనిది ఈ ఆర్డర్ల ఒత్తిడే. ముందే కబురందితే రిజిస్టర్లు సర్దిపెట్టుకోవచ్చు, ఏం చెప్పాలో కార్మికులకి నేర్పించొచ్చు. పోనీ ఆడిటర్ నిజాయితీపరుడే అనుకుందాం. అతను చూసేది ఫ్యాక్టరీని. ఆర్డరు ఉన్నట్టుండి పెంచి, గడువు మాత్రం కదపనిది బ్రాండ్ ఆఫీసు. అక్కడికి ఆడిటర్ వెళ్లడు.

అక్కడిదాకా వెళ్లాలని చూసేవి చట్టాలు. ఫ్రాన్స్ 2017లో పెద్ద కంపెనీలకి తమ సప్లయర్ల దగ్గరి ప్రమాదాలు గుర్తించి, ప్రణాళిక ప్రచురించే బాధ్యత పెట్టింది. చేయకపోతే కోర్టుకి లాగొచ్చు. యూరోపియన్ యూనియన్ 2024లో అలాంటిదే తన సభ్య దేశాలన్నిటికీ తెచ్చింది. మరుసటి ఏడాదే, కంపెనీల మీద భారం ఎక్కువవుతోందని దాని అమలు వాయిదా వేసింది.